టబ్బు, ట్యూబు: పంచర్ షాపు కుర్రాడు ఇంగ్లీషు అచ్చుల్ని పట్టుకున్న తీరు

మొదటి రోజు వాడు చదివిన మాట "ఫెమాలె". సైన్సు పుస్తకంలో పువ్వుల పాఠం, అక్కడ ఫీమేల్ అని ఉంది. పక్కనున్న పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు, వాడికది అలవాటే. కానీ చూడండి, ఆ "ఫెమాలె" ఎంత పద్ధతిగా చదివిన మాటో! ఎఫ్ కి ఎత్వమిస్తే ఫె, ఎమ్ కి దీర్ఘమిస్తే మా, ఎల్ కి ఎత్వమిస్తే లె. గుణింతాలు బాగా వచ్చిన పిల్లవాడు ఏం చెయ్యాలో సరిగ్గా అదే చేశాడు. ఈ సంగతి నాకు తట్టడానికి నెల పైనే పట్టింది. ఆ నెలలో నేను చేసిన తెలివితక్కువ పని కూడా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే పిల్లలకి చదవడం నేర్పేవాళ్ళు చాలామంది అదే చేస్తారు.

వాడి పేరు చెప్పను. ఏడో తరగతి. ఐదు దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంగ్లీషు మీడియం. నాన్నకి బైపాస్ రోడ్డు మీద పంచర్ షాపు, బడి అయ్యాక వీడు అక్కడే ఉంటాడు. తెలుగు గడగడా చదువుతాడు. వాడి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది కాబట్టి ఏడాది పాటు తెలుగు పేజీ చదువుకుని లాగించేశాడు. లెక్కల్లో మంచి మార్కులే. అంటే తెలివికి లోటు లేదు, కళ్ళు బాగానే ఉన్నాయి, చదవడం అనే పని కూడా వచ్చు. ఇంగ్లీషు దగ్గర మాత్రం బండి ఆగిపోతోంది.

నేను సాయంత్రాలు ఇంటి దగ్గర ఇలాంటి పిల్లలకి చదవడం నేర్పుతాను. ఎవరొచ్చినా ముందు ఒక చిన్న పరీక్ష పెడతాను: పుస్తకాల్లో తరచు కనిపించే మాటలు 20, నేను అల్లిన అర్థంలేని మాటలు 20. రెండోదే అసలు పరీక్ష, ఎందుకంటే లేని మాటని ఎవరూ బట్టీ పట్టలేరు. వీడు మొదటి జాబితాలో 16 సరిగ్గా చదివాడు. రెండో దాంట్లో 3. జెడ్-ఐ-పీ-ఈ అని రాసిస్తే "జైప్" అనాలి, వీడు "జిపె" అన్నాడు. టైమ్, నేమ్, మేడ్ లాంటివి మాత్రం టకటకా చెప్పాడు. అవి వాడికి మాటలు కావు, బొమ్మలు. చూసి గుర్తుపడుతున్నాడంతే, చదవడం లేదు. బొమ్మలతో మూడో తరగతి దాకా నెట్టుకురావచ్చు, ఏడో తరగతి సైన్సుకి వచ్చేసరికి పేజీకి పది కొత్త మాటలు ఎదురవుతాయి.

ఇక నా తెలివితక్కువ పని. 1930లలో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే న్యూరాలజిస్టు, ఆనా గిల్లింగ్‌హామ్ అనే విద్యావేత్త చదవలేని పిల్లల కోసం ఒక పద్ధతి మొదలుపెట్టారు. ఆ దారిలో నేర్పేవాళ్ళు ఇంగ్లీషు సిలబుల్స్‌ని, అంటే మాటలో ఒక్కో ఊపులో పలికే ముక్కల్ని, ఆరు రకాలుగా చూపిస్తారు: హల్లుతో మూసుకునేది, అచ్చుతో తెరిచి ఉండేది, చివర మూగ 'ఈ' ఉండేది, రెండు అచ్చులు జట్టుగా ఉండేది, అచ్చు తర్వాత ఆర్ వచ్చేది, చివర హల్లు-ఎల్-ఈ ఉండేది. మంచి పద్ధతే, ఏళ్ళుగా వాడుతున్నాను. ఆరు రంగుల కార్డులు చేసి వీడి ముందు పెట్టాను. మూడో వారానికి ఆరు పేర్లూ అప్పజెప్పాడు, మాట చూపిస్తే ఇది క్లోజ్డ్, ఇది ఓపెన్ అని టక్కున రంగు కూడా చెప్పాడు. చదవమంటే మళ్ళీ "జిపె". రకం చెప్పడం వేరు, నోరు తిరగడం వేరు అని అప్పుడు అర్థమైంది. బట్టీ పట్టడంలో ఆరితేరిన పిల్లాడికి బట్టీ పట్టడానికి ఇంకో ఆరు ముక్కలు ఇచ్చానంతే.

అప్పుడు కార్డులు పక్కన పడేసి, వాడు చదువుతుంటే వేలు ఎలా కదులుతోందో చూడడం మొదలుపెట్టాను. ఆర్-ఐ-ఎమ్ దగ్గర వేలు ఆర్-ఐ మీద ఒకసారి ఆగింది, తర్వాత ఎమ్ మీదకి వెళ్ళింది. ఆర్-ఐ-డీ-ఈ దగ్గరా అంతే, ఆర్-ఐ మీద ఆగింది, "రి" అనేశాడు, ఆ తర్వాత డీ-ఈ, "డె". ముందేముందో చూడకుండానే "రి" అని తేల్చేస్తున్నాడు. మనం తెలుగు చదివేది ఇలాగేగా! "కి" అని కనపడితే అది కి, దాని తర్వాత ఏమొచ్చినా కి. గుడి దానితోనే ఉంటుంది కాబట్టి అచ్చు సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది. ఇంగ్లీషులో ఐ అనే అక్షరం ఒంటరిగా ఏమీ చెప్పదు. దాని తర్వాత ఏముందో, ఆ తర్వాత ఇంకేముందో చూశాకే "ఇ"నా "ఐ"నా అన్నది తేలుతుంది. వీడి తప్పు అచ్చులు రాకపోవడం కాదు, తొందరపడి తేల్చెయ్యడం. మన పిల్లల్లో ఈ తప్పు చేయని వాళ్ళని నేను చూడలేదు, కాకపోతే ఎక్కువమంది కొన్నాళ్ళకి చెవితో సర్దుకుంటారు. ఇంట్లో ఇంగ్లీషు వినపడని పిల్లలకి సర్దుకోవడానికి చెవి దగ్గర సరుకుండదు.

లేదనే అనుకున్నాను, ఒక సాయంత్రం నా స్కూటీ వెనక చక్రంలో గాలి దిగిపోయే దాకా. వాళ్ళ నాన్న దగ్గరికే తోసుకెళ్ళాను. ఆయన టైరు ఊడదీస్తూ, "ఒరేయ్, ఆ ట్యూబు టబ్బులో ముంచు" అన్నాడు. వీడు ట్యూబుకి గాలి కొట్టి, నీళ్ళ టబ్బులో కొంచెం కొంచెంగా తిప్పుతూ బుడగలెక్కడ వస్తున్నాయో చూస్తున్నాడు. నేను ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోయాను. టీ-యు-బీ, టబ్బు. టీ-యు-బీ-ఈ, ట్యూబు. ఇన్నాళ్ళూ నేను కార్డుల మీద చూపించలేక చచ్చింది ఇక్కడ రోజుకి ఇరవైసార్లు నోట్లో ఆడుతోంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మన వాళ్ళు ఇంగ్లీషు మాటని తెలుగు చేసుకునేటప్పుడు చివర ఉకారం పెట్టుకుంటారు, అది అందరికీ తెలిసిందే. కానీ కొన్నిటికి ముందు హల్లుని రెట్టిస్తారు, కొన్నిటికి రెట్టించరు. రిమ్ము, హబ్బు, నట్టు, బెల్లు, పిన్ను, ప్లగ్గు. బ్రేకు, స్పోకు, పైపు, సీటు, చైను, టైరు. రెట్టించినవన్నీ ఇంగ్లీషులో పొట్టి అచ్చులు, హల్లుతో మూసుకున్నవి. రెట్టించనివన్నీ పొడుగు అచ్చులు. ఈ లెక్క ఎవరూ ఎవరికీ నేర్పలేదు, ఏబీసీడీలు కూడా రాని మెకానిక్ సైతం "బ్రేక్కు" అనడు, "రిము" అనడు. అంటే చెవి దగ్గర సరుకు లేదన్నది అబద్ధం. నిండుగా ఉంది, తెలుగు బట్టలు కట్టుకుని ఉంది కాబట్టి నేను గుర్తుపట్టలేదు.

మర్నాటి క్లాసులో పుస్తకం తియ్యలేదు. షాపులో ఉన్నవన్నీ చెప్పమన్నాను, వాడు చెబుతుంటే నేను రెండు వరసల్లో తెలుగులో రాసుకుంటూ పోయాను, వాడికి ఎందుకో చెప్పకుండా. ఇరవై దాటాక ఈ వరసకీ ఆ వరసకీ తేడా ఏంట్రా అన్నాను. కాసేపు చూసి, "ఇటువైపువన్నీ ఒత్తున్నవి మేడం" అన్నాడు. అప్పుడు పక్కన ఇంగ్లీషు స్పెల్లింగులు రాశాను. ఒత్తున్న వరసలో అచ్చు ఒక్కటే, దాని తర్వాత హల్లుతో మాట అయిపోయింది. ఒత్తు లేని వరసలో చివర 'ఈ' అయినా ఉంది, మధ్యలో రెండు అచ్చులైనా ఉన్నాయి. వాడు ఆ కాగితాన్ని చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత జెడ్-ఐ-పీ-ఈ మళ్ళీ ఇచ్చాను. పెదాలు కదిలాయి, వేలు చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "జైపు."

ఉకారం వదిలెయ్యరా, మిగతాదంతా సరే అన్నాను.

ఇదేదో మంత్రం దొరికిందని నేను సంబరపడుతుంటే, వారం తిరక్కుండా వాడే దాన్ని పంచర్ చేశాడు. "మరి షాపుకి ఒత్తు లేదేంటి మేడం? ఎస్-హెచ్-ఓ-పీ, ఒక్కటే అచ్చు కదా." నిజమే. లాకు, టాపు, బ్యాగు, క్యాపు, ఇవేవీ రెట్టించవు. కారణం ఏంటంటే, ఇంగ్లీషు వాడి పొట్టి ఓ, పొట్టి ఏ మన చెవికి పొడుగ్గానే వినపడతాయి, ఆ, యా అని దీర్ఘాలుగానే దింపుకున్నాం. కాబట్టి ఒత్తు లెక్క ఐ, ఈ, యు అనే మూడు అక్షరాలకి బాగా పనికొస్తుంది, మిగతా రెండిటికీ రాగాన్ని బట్టి పోవాలి: బ్రేకులో ఏ, బ్యాగులో యా, స్పోకులో ఓ, షాపులో ఆ. ఆ "యా" కూడా మనకి కొత్తేం కాదు, మా కోస్తా వైపు "వచ్చాడు" అన్నప్పుడు ఆ చ్చాలో ఉన్న అచ్చుని, "తిన్నాడు"లో అచ్చుని పక్కపక్కన పలికి చూసుకోండి, తెలుస్తుంది. ఇంతా చెప్పాక వాడు ఇంకోటి తెచ్చాడు: "రోడ్డు." ఆర్-ఓ-ఏ-డీ, రెండు అచ్చులు, పొడుగే, అయినా ఒత్తు పెట్టాం. దానికి నా దగ్గర జవాబు లేదు. రోడ్డు మోసం చేసిందిరా అన్నాను. అప్పట్నుంచీ లెక్కకి రాని ప్రతి మాటా మా ఇద్దరికీ "రోడ్డు" అయిపోయింది.

చివరి 'ఈ'ని అందరూ మేజిక్ ఈ అంటారు, నాకా పేరు నచ్చదు. మేజిక్ అంటే పిల్లాడు ఎందుకని అడగడం మానేస్తాడు. అందులో మేజిక్ ఏమీ లేదు, చరిత్ర ఉంది. 14వ శతాబ్దంలో, చాసర్ అనే కవి రోజుల్లో, ఎన్-ఏ-ఎమ్-ఈ అనే మాటని ఇంచుమించు "నామ" అనే పలికేవాళ్ళు. చివరి 'ఈ'కి కూడా చప్పుడుండేది. (మన సంస్కృత "నామ"కీ దానికీ చుట్టరికం ఉంది కూడా, పాత ఇండో-యూరోపియన్ కుటుంబం.) నా-మ అని విడగొడితే మొదటి ముక్క అచ్చుతో ముగుస్తోంది, తెరిచి ఉంది, అందుకే అది సాగింది. ఆ తర్వాత చివరి చప్పుడు రాలిపోయింది, అక్షరం మాత్రం స్పెల్లింగులో ఉండిపోయింది. సుమారు 1400 నుంచి 1700 మధ్య పొడుగు అచ్చులన్నీ ఒకదాని స్థానంలోకి ఒకటి జరిగాయి, ఆ జరుగుళ్ళలోనే నామ కాస్తా నేమ్ అయింది. ఈలోగా 1476లో కాక్‌స్టన్ అనే ఆయన ఇంగ్లండులోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టడం, స్పెల్లింగులు మెల్లగా గట్టిపడడం మొదలైంది. నోరు ముందుకి పోయింది, రాత వెనక ఉండిపోయింది. కాబట్టి ఫీమేల్‌ని "ఫెమాలె" అన్నవాడు తప్పు చదివాడనే కన్నా ఆరొందల ఏళ్ళు ఆలస్యంగా వచ్చాడనడం న్యాయం. ఈ మాట వాడికి చెప్తే తెగ మురిసిపోయాడు.

దీనివల్ల పనికొచ్చే లాభం ఒకటుంది. ఆరు రకాల్లో ఒకటి తగ్గిపోయింది. మూగ 'ఈ' అనేది వేరే రకం కాదు, ఒకప్పుడు తెరిచి ఉన్న సిలబులే. తెలుగు వ్యాకరణంలో మాటలే వాడుకున్నాం: అచ్చుతో ముగిస్తే అజంతం, పొల్లుతో ముగిస్తే హలంతం. అజంతమైతే అక్షరం తన పేరు తాను చెప్పుకుంటుంది: మీ, గో, పే-పర్, మ్యూ-జిక్. హలంతమైతే నోరు నొక్కేస్తుంది. హ్యావ్, గివ్, లవ్ మాటల్లో 'ఈ' ఉన్నా పని చెయ్యదు, ఇంగ్లీషులో మాటని వీ అక్షరంతో ఆపే ఆనవాయితీ లేక దాన్ని కాపలాకి నిలబెట్టారు, అంతే.

ఎక్కువ రోజులు తిన్నది జంట హల్లుల దగ్గర. తెలుగువాడికి ఒత్తు కనపడితే నొక్కి పలకాలి, గుడ్డి, గుడి వేరు వేరు. దాంతో వీడు హాపింగ్‌ని "హాప్పింగ్" అని, డినర్‌ని "డిన్నర్" అని నొక్కేవాడు. మనలో పెద్దవాళ్ళం చాలామందిమి ఇప్పటికీ "సమ్మర్" అనే అంటాం, నేనూ ఇంట్లో అలాగే అంటాను, అదేం నేరం కాదు. కానీ చదివేటప్పుడు ఆ రెండో అక్షరం ఎందుకుందో తెలియాలి. అది చెవికి కాదు, కంటికి. ముందున్న అచ్చుని మూసి ఉంచడానికి పెట్టిన గొళ్ళెం అది. హెచ్-ఓ-పీ-ఐ-ఎన్-జీ అని పీ ఒక్కటే ఉంటే హో-పింగ్, తలుపు తెరుచుకుంది. రెండు పీలు ఉంటే హాప్-పింగ్, ఒక పీ తలుపు వెయ్యడానికి పోయింది, రెండోది పలుకుతుంది. డైనర్, డినర్ కూడా అంతే, ఒక్క ఎన్ తేడా.

ఇక్కడ నాకు సాయపడింది వాడి అక్క. తొమ్మిదో తరగతి, పద్యాలకి గణవిభజన చేస్తుంటుంది. "పద్మ"లో ప ఒట్టి హ్రస్వం కదా, దాని మీద గురువు గుర్తెందుకు పెడతారని వీణ్ణి అడిగాను. "పక్కన సంయుక్తాక్షరం ఉంది కదా" అన్నాడు, అక్క చెప్తుంటే విన్నాట్ట. మరి తెలుగులో కూడా నువ్వు తర్వాత అక్షరం చూసి ముందు అక్షరం సంగతి తేల్చావుగా అన్నాను. అప్పట్నుంచి కొత్త మాట ఎదురైతే గురులఘువులు వేసినట్టే పైన గీతలు గీసుకుని విడగొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు ఛందస్సు అది కాదు, పండితులు చూస్తే కొడతారేమో, కానీ కన్ను ముందుకి చూడడం అలవాటైంది, నాకు కావలసింది అదే.

ఆర్ వచ్చే సిలబుల్స్ రెండు క్లాసుల్లో అయిపోయాయి: ఈ-ఆర్, ఐ-ఆర్, యు-ఆర్ మూడూ ఒకటే మోత, హర్, బర్డ్, ఫర్. "బిర్డ్" అనడం మానేశాడు. అచ్చుల జట్ల గురించి అబద్ధం చెప్పదలుచుకోలేదు, అందులో సగం బట్టీయే. ఈ-ఏ జట్టు ఈట్‌లో ఒకటి, బ్రెడ్‌లో ఒకటి, గ్రేట్‌లో ఇంకొకటి. ముందు ఈ, కుదరకపోతే ఎ, గ్రేట్, బ్రేక్, స్టేక్ లాంటి నాలుగైదు గుర్తుపెట్టుకో అన్నాను. జట్టులో మొదటిది మాట్లాడుతుంది, రెండోది మౌనంగా ఉంటుందని పాట పాడించే టీచర్లున్నారు, ఆ పాట తప్పే ఎక్కువ నేర్పుతుంది.

చివర హల్లు-ఎల్-ఈ వచ్చేవాటికి మళ్ళీ షాపే దిక్కు. చివరి మూడు అక్షరాలూ కోసి పక్కన పెట్టు, మిగిలింది తెరిచుందా మూసుందా చూడు. హ్యాండిల్‌లో డీ-ఎల్-ఈ తీస్తే హెచ్-ఏ-ఎన్, మూసింది. నాజిల్‌లో మొదటి జెడ్ గొళ్ళెం. సైకిల్‌లో సీ-ఎల్-ఈ తీస్తే సీ-వై, తెరిచింది, కాబట్టి సై. వాడు మహా ఊపుగా బై-సైకిల్ అని కూడా చదివేశాడు. కాదురా, బైసికిల్. అదే సీ-వై, సైకిల్‌లో సై, బైసికిల్‌లో సి. అంటే మాటలో నొక్కు (స్ట్రెస్) ఎక్కడ పడుతుందో దాన్ని బట్టి మిగతా అచ్చులు నీరసించిపోతాయి. ఫొటోగ్రాఫ్‌లో, ఫొటోగ్రఫీలో అదే అక్షరాల వరసకి వేరే మోత. మన తెలుగులో ఏ అచ్చు విలువ దానికి దక్కుతుంది, ఇంగ్లీషులో నొక్కు పడని అచ్చు బతుకు అధ్వాన్నం. ఈ ఒక్క విషయంలో నేను ఏమీ సాధించలేదని ఒప్పుకోవాలి. మూడు నాలుగు సిలబుల్స్ మాట వస్తే వీడు ఇప్పటికీ అన్నిటినీ సమంగా నొక్కుతాడు.

రెండచ్చుల మధ్య ఒకే హల్లుంటే కూడా నియమం సగం సగమే. పే-పర్ తెరుచుకుంటుంది, క్యాబ్-ఇన్, రివ్-అర్, లెమ్-అన్ మూసుకుంటాయి. అమెరికాలో డెవిన్ కెర్న్స్ అనే పరిశోధకుడు 2020లో వేల మాటలు లెక్కగట్టి చూపించింది కూడా ఇదే: రెండు హల్లులుంటే మధ్యలో విడగొట్టడం బాగా పనిచేస్తుంది, ఒకే హల్లుంటే అంత నమ్మకం లేదు. అందుకని వాడికి చెప్పింది ఒక్కటే. ముందు తెరిచి చూడు, విన్న మాటలా లేకపోతే మూసి చూడు. రెండుసార్లు తప్పు చదవడం ఫరవాలేదు.

మంగళవారం, శుక్రవారం ముప్పావు గంట చొప్పున పదహారు వారాలయ్యాక పరీక్ష మళ్ళీ పెట్టాను, అర్థంలేని మాటలు కొత్తవి అల్లి. మామూలు మాటలు 18. అర్థంలేనివి 14. తప్పిన ఆరింటిలో నాలుగు అచ్చుల జట్లే. బళ్ళో మార్కులు ఏమీ ఎగబాకలేదు, చదివినంత మాత్రాన అర్థమైపోదు కదా, ఆ ఎదురు పేజీ ఇంకా కావాలి. కానీ ఇప్పుడు ముందు ఇంగ్లీషు పేజీ చదివి, తర్వాత తెలుగు పేజీకి వెళ్తున్నాడు.

మొన్న స్కూటీకి గాలి కొట్టించుకోవడానికి వెళ్ళాను. వీడు ఒక కారు టైరు పక్కన గొంతుక్కూర్చుని దాని అంచు మీద ఉన్న అక్షరాలు చదువుతున్నాడు. ఆర్-ఏ-డీ-ఐ-ఏ-ఎల్ దగ్గర ముందు "ర్యాడ్" అన్నాడు, ఆగి, "రేడియల్" అన్నాడు. పక్కనే టీ-ఆర్-ఈ-ఏ-డీ ఉంది. "ట్రీడ్" అన్నాడు.

వాళ్ళ నాన్న రెంచి కింద పెట్టకుండానే, "ట్రీడేంట్రా, ట్రెడ్డు" అన్నాడు.

వీడు నా వైపు తిరిగాడు. "ఒత్తుంది మేడం. పొట్టిదేనా? రోడ్డులాగా మోసం కాదు కదా?"